పాత జీపు ఆయిల్ కారుతుంటే: పోసుకుంటూ తిరగాలా, ప్యాకింగ్ మార్చాలా, గేర్‌బాక్సు దించాలా?

అనంతపురంలో పాత జీపు ఉన్నవాళ్లకు ఆయిల్ కారడం మీద రెండు రకాల సలహాలే దొరుకుతాయి. టీ బంకు దగ్గర అడిగితే “జీపన్నాక కారదా? కారడం ఆగిందంటే లోపల ఆయిల్ అయిపోయిందని లెక్క” అని నవ్వేస్తారు. షెడ్డుకు తీసుకుపోతే కిందికి తొంగిచూసి “బ్యాక్ సీల్ పోయిందన్నా, గేర్‌బాక్సు దించాల్సిందే” అంటారు (ఇంజన్ వెనక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలే బ్యాక్ సీల్). మొదటి మాట నమ్మితే ఇప్పటికి ఖర్చుండదు గానీ, ఏదో ఒకరోజు క్లచ్ ప్లేటు ఆయిల్‌లో తడిసి, గుట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. రెండో మాట నమ్మి వేలు పోశాక కూడా నెల తిరక్కుండా అదే చోట అదే చుక్క కనబడవచ్చు.

ఈ రెంటి మధ్య నాలుగైదు దారులున్నాయి. ఏ దారి ఎవరికి సరిపోతుందో తేల్చుకోవడానికే ఇది. మన వైపు ఎక్కువగా తిరిగే బండ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను: పాత పెట్రోల్ సీజే 3బీలు, ప్యూజో డీజిల్ ఇంజన్ ఉన్న మహీంద్రా ఎంఎం 540 లాంటివి (చిన్న ఇంజన్ 2112 సీసీ, ఆ తర్వాతి పెద్దది 2498 సీసీ), డీఐ ఇంజన్ జీపులు, మారుతి జిప్సీలు. ఇంజన్ మారినా ఎంచుకునే పద్ధతి మారదు. ఆయిల్ ఎక్కడ కారుతోందన్నది సగం ప్రశ్నే, దాన్ని బయటికి నెడుతున్నదేమిటన్నది మిగతా సగం. రెండోది తేలకుండా సీలుకు డబ్బు పెట్టకండి.

కింద పడే చుక్క అబద్ధం చెబుతుంది

చుక్క పడిన చోటు నుంచి నిటారుగా పైకి చూస్తే కనబడే భాగం చాలాసార్లు నిర్దోషి. ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి, బండి వేగానికి వెనక్కి కూడా పాకుతుంది. ముందు ఎక్కడో టాపెట్ కవర్ (ఇంజన్ నెత్తి మీది మూత) మూలలో మొదలైన తడి ఇంజన్ పక్కగా వెనక్కి వచ్చి, బెల్ హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్‌ను కప్పే గూడు) అంచు పట్టుకుని కిందికి దిగుతుంది. కింద పడుకుని చూసేవాడికి అది అచ్చం బ్యాక్ సీల్ లీకులాగే ఉంటుంది. కాబట్టి వెతకాల్సింది అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న తడిని.

ఈ వెతుకులాటలో మన దుమ్ము మనకే సాయం చేస్తుంది. ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడిలో గానీ, కళ్యాణదుర్గం వైపు ఎర్రనేలలో గానీ వారం తిరిగిన బండి బానెట్ ఎత్తి చూడండి. ఆయిల్ తగలని చోట దుమ్ము పొడిగా, తుడిస్తే పోయేలా ఉంటుంది. తగిలిన చోట నల్లగా ముద్దకట్టి ఉంటుంది. ఆ ముద్ద ఎంత మందంగా ఉంటే ఆ లీకు అంత పాతది. మందపాటి ముద్ద మీద తాజా తడి లేకపోతే అది ఎప్పుడో ఆగిపోయిన లీకు, దాని జోలికి పోనక్కర్లేదు.

అంత చూశాక కడగాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక డీజిల్, బ్రష్ పట్టుకుని ముద్దంతా గీకి, తర్వాత సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఆల్టర్నేటర్‌కు, పెట్రోల్ బండైతే డిస్ట్రిబ్యూటర్‌కు ముందే ప్లాస్టిక్ కవరు చుట్టండి. బాగా ఆరాక అనుమానమున్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ఇంజన్ వేడెక్కేదాకా నడిపి, టార్చి వేసి చూస్తే తడి గీత ఎక్కడ మొదలైందో తెల్లటి పౌడరు మీద స్పష్టంగా కనబడుతుంది. మొదటిసారి ఏమీ కనబడకపోతే ఒక పదిహేను కిలోమీటర్లు తిప్పుకొచ్చి మళ్లీ చూడండి. రాత్రి కింద అట్టపెట్టె ముక్క పరిచి పెడితే పొద్దున చుక్కల లెక్క కూడా తేలుతుంది. షెడ్డువాళ్లు ఇంత ఓపిక పట్టరు. ఇది మీరే చేసుకోవాల్సిన పని, దీనికి పానా కూడా అక్కర్లేదు.

ఒక్కో బండిలో బ్యాక్ సీల్ పేరు చెప్పి మోసం చేసే భాగం ఒక్కోటుంది. మహీంద్రా డీజిల్ జీపుల్లో బ్రేకు బూస్టర్‌కు వ్యాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. దానికి ఇంజన్ ఆయిలే సన్న పైపుల్లో పోయి వస్తుంది. ఆ పైపు వాషర్లు గట్టిపడినా, రబ్బరు పైపు పగిలినా ఆయిల్ ఇంజన్ పక్కంతా పూసేస్తుంది. జిప్సీలో డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ వెనక చివర ఉంటుంది, దాని అడుగున ఉన్న రబ్బరు రింగు గట్టిపడితే కారిన ఆయిల్ నేరుగా బెల్ హౌసింగ్ మీదికి దిగుతుంది. పాత పెట్రోల్ జీపు ఇంజన్‌లో ఒక జత వాల్వులు హెడ్‌లో, ఇంకో జత బ్లాకులో ఉంటాయి కనుక పక్కన ఇంకో వాల్వ్ కవర్ ఉంటుంది, దాని ప్యాకింగ్ చూడాలన్న సంగతి చాలామందికి గుర్తే రాదు. వీటితోపాటు ఆయిల్ ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్టు వాషర్, ఫిల్టర్ రబ్బరు కూడా చూడండి. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రబ్బరు ఇంజన్‌కే అతుక్కుని, దాని మీదే కొత్తది బిగించేసిన బండ్లు ఎన్నో ఉన్నాయి.

నిజంగానే బెల్ హౌసింగ్ లోపలి నుంచే కారుతుంటే కింద ఉన్న చిన్న రంధ్రం దగ్గర వేలు పెట్టి వాసన చూడండి. గంధకం కంపు, చిక్కదనం ఉంటే అది గేర్ ఆయిల్, అంటే గేర్‌బాక్సు ముందు సీలుది. డీజిల్ బండిలో ఇంజన్ ఆయిల్ మసిలా నల్లగా ఉంటుంది గనుక తేడా తెలియడం ఇంకా తేలిక. ఏ సీలయినా గేర్‌బాక్సు దించక తప్పదు కదా అనుకోవచ్చు. కానీ ఏ సీలు కొనాలో, దేనికి కూలి ఇస్తున్నారో తెలియాలి.

నెట్టేదెవరు?

షెడ్డుల్లో ‘బ్యాక్ కంప్రెషన్’ అనే మాట వింటుంటాం. పిస్టన్ రింగులు, లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు) అరిగితే మండిన గ్యాసు కొంత రింగులను దాటి కిందికి, ఆయిల్ చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వైపు వస్తుంది. కొత్త ఇంజన్‌లోనూ కొద్దిగా వస్తుంది, అది బయటికి పోవడానికే బ్రీదర్ అనే గాలి పైపు ఉంటుంది. ఆ గ్యాసు ఎక్కువైనా, బ్రీదర్ మూసుకుపోయినా లోపల ఒత్తిడి పెరిగి, ఏ ప్యాకింగ్ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ఇలాంటి ఇంజన్‌కు ఒక సీలు మారిస్తే ఆయిల్ ఇంకో సందు వెతుక్కుంటుంది.

మన వైపు ఇది ఎందుకు ఎక్కువో ఊహించడం కష్టం కాదు. పాత జీపుల్లో ఎయిర్ క్లీనర్ ఆయిల్ పోసే రకం. దాంట్లో ఆయిల్ మార్చకపోతే, లేదా అక్కడి నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు పైపు పగిలితే, తాడిపత్రి, బేతంచెర్ల రాతి గనుల దారుల్లో లేచే దుమ్మంతా నేరుగా సిలిండర్లలోకి పోతుంది. రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. కింద చుక్క కనబడగానే అందరూ కిందికే వంగుతారు గానీ, చాలా లీకుల మూలం పైన ఆ ఎయిర్ క్లీనర్ దగ్గర ఉంటుంది.

పరీక్ష సులువు. ఇంజన్ వేడెక్కాక స్లోలో పెట్టి ఆయిల్ పోసే మూత తీయండి. సన్నగా ఊదినట్టు గాలి వస్తే పాత డీజిల్‌కు అది మామూలే. పొగ గుప్పుగుప్పుమని తన్నుకొస్తే, మూత ఊరికే పెట్టినా ఎగిరెగిరి పడుతుంటే, డిప్‌స్టిక్ తనంతట తానే పైకి లేస్తుంటే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టే. వెంటనే ఇంజన్ బోరు పని అని బెంగపడక్కర్లేదు. ముందు బ్రీదర్ పైపు, దాంట్లో ఉండే జాలీ విప్పి పెట్రోల్‌తోనో డీజిల్‌తోనో కడిగి, పైపు నలిగి ఉంటే మార్చి, వారం తిప్పి చూడండి. ఈ గ్యాసును తిరిగి ఇంజన్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ ఉన్న పెట్రోల్ బండ్లలో ఆ వాల్వ్‌ను ఊపితే టకటకమనాలి, అనకపోతే మార్చండి. దాదాపు ఖర్చే లేని ఈ పనితో తగ్గిపోయే లీకులు తక్కువేం కావు. తగ్గకపోతే గేజి పెట్టించి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూడాలి.

ఇంకొకటి. కొందరు ‘ఎలాగూ కారుతుంది కదా’ అని డిప్‌స్టిక్ పై గీత దాటించి పోస్తారు. అలా పోస్తే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, గుట్ట ఎక్కేటప్పుడు అదంతా వెనక సీలు మీదికి చేరుతుంది. ఎక్కువ పోసినందుకే ఎక్కువ కారుతుంది.

పోసుకుంటూ తిరగడం

ఇది సోమరిపని అని నేననను. లెక్క వేసి ఎంచుకుంటే చక్కటి దారే. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. రాత్రంతా నిలబెడితే అట్ట మీద పది చుక్కలు పడ్డాయంటే అర మిల్లీలీటరు, నెలకు 15. దాని కోసం పానా పట్టడం దండగ. ఇంజన్ నడిచేటప్పుడు పది సెకన్లకో చుక్క పడుతోందంటే గంటకు 360 చుక్కలు, అంటే 18 మిల్లీలీటర్లు. రోజుకు ఐదు గంటలు నడిచే బండికి 90 మిల్లీలీటర్లు. డిప్‌స్టిక్ మీది రెండు గీతల మధ్య తేడా చాలా ఇంజన్లలో లీటరుకు అటూఇటూ ఉంటుంది కనుక పదకొండు రోజుల్లో పై గీత నుంచి కింది గీతకు దిగుతుంది. రోజూ పొద్దున డిప్‌స్టిక్ చూసే అలవాటున్న డ్రైవరైతే ఇదీ నడుస్తుంది. బండి నలుగురి చేతుల్లో తిరిగేదైతే నడవదు, ప్రతివాడూ ఇంకొకడు చూసి ఉంటాడనుకుంటాడు.

మూడు చోట్ల మాత్రం ఈ దారి మూసేయండి. సైలెన్సర్ పైపు మీద ఆయిల్ పడుతుంటే అది నిప్పుతో చెలగాటం, మే నెల ఎండలో మరీను. క్లచ్ జారడం మొదలైతే ఆలస్యం చేసే కొద్దీ ఖర్చు పెరుగుతుంది. జిప్సీలో ముందు సీళ్లు కారి టైమింగ్ బెల్టు తడుస్తుంటే బెల్టు పాడై మార్గమధ్యంలో ఆగిపోతారు. ఇవి కాక, కారిన ఆయిల్ ఫ్యాను బెల్టును, రేడియేటర్ పైపులను మెత్తబరుస్తుంది, దుమ్ముతో కలిసి ఇంజన్ మీద దుప్పటిలా పేరుకుని వేడిని బయటికి పోనివ్వదు.

చిక్కటి ఆయిల్, సీసా మందులు

15డబ్ల్యూ-40 వాడే పాత ఇంజన్‌కు 20డబ్ల్యూ-50 పోస్తే సన్న చెమ్మ కొంత తగ్గుతుంది. మన వైపు చలికాలం కూడా అంత గట్టిది కాదు కనుక పొద్దున స్టార్టింగుకు పెద్ద ఇబ్బంది రాదు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడపల్లో పాత ఇంజన్లకు ఈ గ్రేడు వాడటం కొత్తేమీ కాదు. కానీ డీజిల్ ఇంజన్‌కు డీజిల్‌కు పనికొచ్చే ఆయిలే పోయాలి, డబ్బా మీద చూసుకోండి. చిక్కటి ఆయిల్ వల్ల చుక్కలు తగ్గుతాయి గానీ లీకు మూయదు.

లీకు ఆపుతాయని అమ్మే సీసాల్లో ఎక్కువ భాగం రబ్బరును కొద్దిగా ఉబ్బించి మెత్తబరిచే మందులు. గట్టిపడిన రబ్బరు సీలు దగ్గర అవి కొన్నాళ్లు పనిచేస్తాయి. కార్కు ప్యాకింగ్ మీద, కాగితం ప్యాకింగ్ మీద, తాడు రకం సీలు మీద వాటి ప్రభావం ఉండదు. పాత జీపుల్లో కారేవి ఎక్కువగా ఇవే. పెదవి చిరిగిన సీలునూ, గాడి పడిన క్రాంకునూ ఏ సీసా బాగుచేయలేదు. నన్నడిగితే, రెండు నెలల్లో ఎలాగూ క్లచ్ పని ఉంది, అప్పటిదాకా గడవాలి అన్నప్పుడు ఒకసారి వాడొచ్చు. అంతకుమించి ఆ డబ్బుకు కొత్త టాపెట్ కవర్ ప్యాకింగ్ వస్తుంది.

ప్యాకింగ్‌లు: తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం

నా ఓటు దీనికి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? టాపెట్ కవర్, పక్క కవర్, చాంబర్, టైమింగ్ కవర్ ప్యాకింగ్‌లకు సామాను ఖర్చు మామూలుగా వందల్లోనే. టాపెట్ కవర్ మీరే ఇంట్లో మార్చుకోవచ్చు. తేడా వచ్చేది దేంతో బిగిస్తున్నామన్న దగ్గర.

కార్కు ప్యాకింగ్ పాత రేకు కవర్లకు బాగా ఒదుగుతుంది, వంకరను కొంత సర్దుకుంటుంది. ఎండిపోయి కుంచించుకుపోవడం, పెళుసుబారడం దాని జబ్బు. షాపులో ఏళ్ల తరబడి వేలాడిన కార్కును మడిస్తే చిట్లుతుంది, అలాంటిది తీసుకోకండి. రబ్బరు ప్యాకింగ్ ఎక్కువ కాలం ఆగుతుంది గానీ, కవర్ అంచు వంకరగా ఉంటే క్షమించదు. సిలికాన్ పేస్టు ఏ వంకరనైనా నింపుతుంది. దాంతో ఇబ్బంది మనుషుల వల్ల వస్తుంది. ఎక్కువ పూస్తే బాగుంటుందని వేలితో మెత్తేస్తారు. బిగించినప్పుడు సగం బయటికి, సగం లోపలికి పొంగుతుంది. లోపలికి పొంగిన ముక్క తెగి చాంబర్‌లో పడి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడితే, లీకు ఆగి ఇంజన్ పోతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల సన్నటి గీత చాలు, బోల్టు రంధ్రాలకు లోపలి వైపు చుట్టి రావాలి. పూసే ముందు రెండు అంచులూ జిడ్డు లేకుండా పెట్రోల్ గుడ్డతో తుడవాలి. బిగించాక రాత్రంతా వదిలేసి పొద్దున ఆయిల్ పోయాలి. “గంటలో బండి తీసుకుపోండన్నా” అనే చోట సిలికాన్ పని చేయించకండి.

కార్కుకు రెండు వైపులా సిలికాన్ పూయడం మన షెడ్డుల్లో మామూలు. బిగిస్తుంటే కార్కు సబ్బులా జారి బయటికి తోసుకొస్తుంది. కవర్ వైపు మాత్రం పలుచగా షెల్లాకో, గమ్మో రాసి అతికించి, ఇంజన్ వైపు పొడిగా వదిలేస్తే మరోసారి విప్పినప్పుడు కూడా చిరగదు.

అన్నిటికన్నా ఎక్కువ ప్యాకింగ్‌లను చంపేది గట్టిగా బిగించడం. లీకు కనబడగానే పానా వేసి ఇంకో అర చుట్టు, ఇంకో అర చుట్టు తిప్పుతారు. రేకు కవర్‌లో బోల్టు దగ్గర గుంట పడి, రెండు బోల్టుల మధ్య అంచు పైకి లేస్తుంది. ఆ సందులోంచే ఆయిల్. కవర్‌ను చదునైన అద్దం మీదో, పాలిష్ బండ మీదో బోర్లించి చూడండి. ఊగిసలాడితే బోల్టు రంధ్రాల చుట్టూ ఉబ్బిన చోట్లను చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి సమం చేయాలి. కడప రాతి పలకలు దొరికే ప్రాంతంలో చదును బండకు కరువు లేదు కదా! బిగించేటప్పుడు మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి, రెండు మూడు విడతల్లో, చిన్న పానాతో మణికట్టు బలంతోనే. చాంబర్‌కైనా అంతే. ఒకసారి ఇంజన్ వేడెక్కి చల్లారాక కార్కు కొంత అణుగుతుంది, అప్పుడు మరికొంచెం.

ముందు సీలు

క్రాంకు పుల్లీ వెనక ఉండే సీలు కారితే ఫ్యాను గాలికి ఆయిల్ అటూ ఇటూ చిమ్మి టైమింగ్ కవర్ చుట్టూ చక్రంలా గీత పడుతుంది. గుర్తుపట్టడం తేలిక, మార్చడమూ మరీ కష్టం కాదు. రేడియేటర్ తీస్తే చోటు దొరుకుతుంది. ఇక్కడ ఎంచుకోవాల్సింది పుల్లీ సంగతి. పాత సీలు పెదవి ఏళ్ల తరబడి ఒకేచోట రాసుకుని పుల్లీ మెడ మీద గాడి చేస్తుంది. గోరుతో అడ్డంగా గీస్తే తగిలితే, కొత్త సీలు వేసినా లాభం లేదు. అప్పుడు మూడు దారులు: సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి బిగించడం, సన్నటి స్టీలు తొడుగు ఎక్కించడం, లేదా మంచి పుల్లీ సంపాదించడం. మొదటిది ఉచితం, చోటుంటే అదే చేయండి. లేత్ షాపులో పుల్లీ మెడను కొంచెం కోసి నున్నగా చేయిస్తామంటారు. కొలత తగ్గిపోతే సీలు పట్టు వదులవుతుంది, తొడుగు వేసే ఉద్దేశం ఉంటేనే ఒప్పుకోండి.

సీలు రబ్బరులో కూడా తేడా ఉంది. నల్లటి నైట్రైల్ రకం చవక, 100 డిగ్రీల పైచిలుకు దాకా తట్టుకుంటుంది. విటాన్ రకం ఖరీదు ఎక్కువ, 200 డిగ్రీల దాకా నిలుస్తుంది. ముందు సీలుకు నైట్రైల్ సరిపోతుంది. వెనక సీలుకు మాత్రం, దొరికితే విటాన్ తీసుకోండి. అక్కడ అయ్యే కూలితో పోలిస్తే సీలు ధర లెక్కలోకి రాదు. ఏదైనా స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు తిరగాలి, పెదవికి ఆయిల్ రాసి ఎక్కించాలి. పొడిగా ఎక్కిస్తే మొదటి నిమిషంలోనే కాలిపోతుంది.

గేర్‌బాక్సు దించడం

పైవన్నీ అయ్యాక, కడిగి చూశాక, బ్రీదర్ శుభ్రంగా ఉందని తేలాక, ఇంకా బెల్ హౌసింగ్ రంధ్రంలోంచి ఇంజన్ ఆయిలే కారుతుంటే అప్పుడు బ్యాక్ సీల్ గురించి మాట్లాడాలి. పాత ఇంజన్లలో ఈ సీలు అన్నిటిలో ఒకేలా ఉండదు. కొన్నిటిలో గ్రాఫైట్ పట్టించిన తాడు, కొన్నిటిలో రెండు సగాలుగా వచ్చే రబ్బరు, తర్వాతివాటిలో గుండ్రటి ఒకే సీలు. తాడు రకానికి కొద్దిగా చెమర్చడం స్వభావం. దాన్ని పూర్తిగా ఆపాలని ఇంజన్ దించడం దండగ. రెండు సగాల రకమైతే చాంబర్ దించి, వెనక బేరింగ్ క్యాప్ విప్పి, పై సగాన్ని ఇత్తడి పుల్లతో మెల్లగా తోసి మార్చే వీలుంటుంది, గేర్‌బాక్సు జోలికి పోకుండానే. చేయి తిరిగిన మేస్త్రీ కావాలి, క్రాంకు మీద గీత పడితే అంతే సంగతులు. కాబట్టి షెడ్డుకు పోయే ముందు మీ ఇంజన్‌ది ఏ రకమో కనుక్కోండి. జీపుల్లో ఇంజన్లు మార్చేసినవి మన వైపు బోలెడు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, బ్లాకు మీది నంబరు కలుస్తున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకుంటే మంచిది.

గుండ్రటి సీలుకు గేర్‌బాక్సు దిగాల్సిందే. జీపులో ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు బలం పంచే పెట్టె) గేర్‌బాక్సుకే బిగించి ఉంటుంది, రెండూ కలిసి దిగుతాయి. బరువు ఎక్కువ, జాకీ, ఇద్దరు మనుషులు తప్పనిసరి. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగా ఉండి మధ్యలో చిన్న షాఫ్టుతో కలుస్తుంది గనుక గేర్‌బాక్సు ఒక్కదాన్ని దించితే చాలు, పని తేలిక.

ఇంత శ్రమ ఒక్క సీలు కోసం చేయకండి. క్లచ్ ప్లేటు సగం పైన అరిగి ఉంటే, ఇంకో ఏడాదిలో ఎలాగూ మార్చాల్సి ఉంటే, ఆ రోజు దాకా ఆగి రెండూ కలిపి చేయించండి, క్లచ్ తడవనంతవరకు. గేర్‌బాక్సు దిగినప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ మధ్యలోని చిన్న బేరింగ్ లేదా బుష్, గేర్‌బాక్సు ముందు సీలు, క్యామ్ షాఫ్టు వెనకాల మూసి ఉండే ప్లగ్గు, అన్నీ చూడాలి. ఆ ప్లగ్గు నుంచి కారే ఆయిల్‌ను సీలు మీద నెట్టేసి, సీలు మాత్రం మార్చి బిగించేసిన సందర్భాలున్నాయి.

దించక ముందే ఒక చిన్న పరీక్ష చేయించండి. ఒకరు క్లచ్ తొక్కుతూ వదులుతుంటే ఇంకొకరు ముందు పుల్లీని చూడాలి. పుల్లీ కళ్లకు తెలిసేంత ముందుకూ వెనక్కూ జరుగుతుంటే, లేదా చేత్తో పైకీ కిందికీ ఊపితే ఆడుతుంటే, బేరింగులు అరిగినట్టు. ఊగే క్రాంకుకు కొత్త సీలు వేస్తే నెలల్లో పోతుంది. ఆ డబ్బు దాచుకుని తర్వాతి దారికి పోవాలి.

ఇంజన్ పని

బ్యాక్ కంప్రెషన్ గట్టిగా ఉండి, గేజిలో సిలిండర్లు బలహీనంగా తేలి, నీలం పొగ కూడా వస్తుంటే విడివిడిగా సీళ్లకు పెట్టే ప్రతి రూపాయీ వృథా. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, అన్ని ప్యాకింగ్‌లు ఒకేసారి. పదుల వేలల్లో ఖర్చు. లైనర్లు విడిగా తీసి మార్చే రకం ఇంజనైతే అది ఒక సౌకర్యం, ప్రతిసారీ బోరు కొట్టించే పని లేదు. ఇంకో బండి ఇంజన్ తెచ్చి వేయడం చవక అని కొందరు అంటారు. ఆ ఇంజన్ చరిత్ర మీకు తెలియదు, పైగా రవాణా శాఖ దగ్గర మార్పు నమోదు చేయించాలి. ఆర్‌సీ 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాల్సిన బండికి కాగితాల చిక్కు కొత్తగా తెచ్చుకోవడం నాకైతే నచ్చదు.

ఎక్కడ, ఎవరితో

టాపెట్ కవర్, బ్రీదర్, ఫిల్టర్, వ్యాక్యూమ్ పంపు పైపులు ఇంటి దగ్గరే. చాంబర్, ముందు సీలు మీ ఊరి మేస్త్రీ చేయగలడు. గేర్‌బాక్సు, క్రాంకు పని మాత్రం జీపులు రోజూ విప్పే చోటే. షోరూముల్లో ఈ పాత ఇంజన్లను విప్పిన చేతులు ఇప్పుడు అరుదు, మెరిసే నేల చూసి పోకండి. “భాయ్, ఈ ఇంజన్ బ్యాక్ సీల్ ఏ రకం?” అని అడిగితే తడుముకోకుండా చెప్పేవాడే మీకు కావలసినవాడు. తీసిన పాత సీలును చేతికివ్వమని ముందే చెప్పండి.

సామాను అనంతపురంలో దొరక్కపోతే బెంగళూరు జేసీ రోడ్డు, కడప నుంచైతే చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డు. పాత సీలు మీద మామూలుగా లోపలి కొలత, బయటి కొలత, మందం అంకెలుగా రాసి ఉంటాయి. ఆ మూడూ ఫోటో తీసుకుని పోతే బండి పేరు చెప్పనక్కర్లేదు.

మీ బండికి ఏది?

చీనీ (బత్తాయి) తోటకూ ఇంటికీ మధ్య తిరిగే జీపైతే బ్రీదర్ కడిగి, టాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చి, 20డబ్ల్యూ-50 పోసి వదిలేయండి. మిగిలిన చుక్కలను పోసుకోండి. కింద రేకు ట్రే పెట్టండి. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం, చెట్టు పాదుల్లోకి గానీ కాలువలోకి గానీ పోనివ్వకుండా డబ్బాలో పోగుచేసి, వాడిన ఆయిల్ తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి.

సెలవు రోజుల్లో గండికోట దారుల్లో, ఎర్రమల గుట్టల్లో, పెన్నా ఇసుకలో తిప్పే బండైతే లెక్క వేరు. లో గేరులో గంటల తరబడి ఇంజన్ వేగంగా తిరుగుతుంది, కిలోమీటర్లు కదలవు, లోపలి వేడి మాత్రం పెరుగుతుంది. మీటరు చూసి ఆయిల్ మార్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు, గంటల లెక్కన మార్చండి. ముందు సీలు, చాంబర్ ప్యాకింగ్ పక్కాగా ఉండాలి. బ్యాక్ సీల్ కొద్దిగా చెమరుస్తున్నా క్లచ్ తడవకపోతే తర్వాతి క్లచ్ మార్పు దాకా ఆగండి. ఒక లీటరు ఆయిల్ ఎప్పుడూ బండిలో ఉంచుకోండి.

గనుల దగ్గర రోజంతా పనిచేసే బండికి ఆగడమే నష్టం. క్లచ్ పని వచ్చినప్పుడు వెనక సీలు, గేర్‌బాక్సు సీలు అడగకుండానే మార్పించండి. ఎయిర్ క్లీనర్ ఆయిల్ వారానికోసారి చూడండి, దుమ్ము ఎక్కువ ఉన్న రోజుల్లో ఇంకా ముందే.

కారుతున్న జీపును కొనాలనుకునేవాళ్లకు: కడిగి మెరిపించిన ఇంజన్ కన్నా దుమ్ముతో ఉన్న ఇంజన్ నయం, అది దాచదు. ఆయిల్ మూత తీసి చూడండి, పుల్లీ ఊపి చూడండి. ఈ రెండూ బాగుంటే ఎన్ని చోట్ల కారుతున్నా బేరం తగ్గించడానికి అది మంచి కారణమే. ఈ రెంటిలో ఒకటి తేడాగా ఉంటే, కింద ఒక్క చుక్క లేకపోయినా ఇంజన్ పని ఖర్చు ధరలోంచి తీసేసి మాట్లాడండి.

ఏ పని చేయించినా ఇంజన్‌ను మరోసారి శుభ్రంగా తుడిచి, వంద కిలోమీటర్లు తిప్పాక బోల్టులు చూసి, అట్టముక్క పరచండి. రెండు మూడు చుక్కలు పడితే కంగారుపడి పానా తీయకండి. బెల్ హౌసింగ్ లోపల, చాసిస్ సందుల్లో నిలిచిపోయిన పాత ఆయిల్ ఇంకొన్నాళ్లు దిగుతూనే ఉంటుంది. వారానికి వారం చుక్కలు తగ్గుతున్నాయో లేదో మాత్రం చూడండి.